నాన్నకి ఊపిరితిత్తుల క్యాన్సర్, ఇంట్లో ఎలా చూసుకోవాలి: ముందు ఆయాసం సంగతి చూడండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారికి 66 ఏళ్ళు, ధర్మవరం దగ్గర పల్లె, నాలుగో స్టేజి ఊపిరితిత్తుల క్యాన్సర్, మూడు కీమోలు అయ్యాయి, కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు ఒకసారి తీశారు, ఇప్పుడు మారతహళ్ళిలో మీ ఫ్లాట్‌లో ఉన్నారు. రాత్రిళ్ళు ఆయాసం వస్తోంది ఆక్సిజన్ మిషన్ కొనాలా, అన్నం ముట్టడం లేదు ఏం చెయ్యాలి, డాక్టరు పాలియేటివ్ కేర్‌కి రాశారంటే ఇక చేతులెత్తేసినట్టేనా, జబ్బు పేరు ఆయనకి చెప్పొద్దని అమ్మ పట్టుబడుతోంది, ఆయనేమో ఊరికి తీసుకెళ్ళమంటున్నారు, ఇవీ మీరు అడిగినవి. మాది చిత్తూరు వైపు. బెంగళూరులో క్యాన్సర్ వార్డుల్లోనూ, తర్వాత ఇళ్ళకి వెళ్ళి చూసే టీమ్‌లోనూ చాలా ఏళ్ళు నర్సుగా పనిచేశాను. మందుల మోతాదులు నేను చెప్పను, అవి మీ డాక్టరే చెప్పాలి. మిగతాది నాకు తెలిసినంత చెప్తాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు ఆ పాలియేటివ్ చీటీ. మీరు దాన్ని ఫైల్లో అడుగున పెట్టేసి ఉంటారని నా అనుమానం, చాలామంది అదే చేస్తారు. అది చేతులెత్తేయడం కాదు. కీమో ఆగదు, స్కాన్లు ఆగవు. ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టరు, గడ్డ సంగతి చూస్తారు, పాలియేటివ్ వాళ్ళు ఆయాసం, నొప్పి, నిద్ర, మలబద్ధకం, భయం, ఇంట్లోవాళ్ళ అలసట చూస్తారు. ఇద్దరూ ఒకేసారి చూడాలి. అమెరికాలో బోస్టన్‌లో 151 మంది మీద చేసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది, అందరికీ మీ నాన్నగారిలాగే ఒంట్లో పాకిన ఊపిరితిత్తుల క్యాన్సరే, కొత్తగా బయటపడినదే. సగం మందికి మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే పాలియేటివ్ టీమ్‌ని కూడా కలిపారు. వాళ్ళకి రోజులు మెరుగ్గా గడిచాయి, దిగులు తక్కువగా ఉంది, చివర్లో శరీరాన్ని హింసపెట్టే చికిత్సలు కూడా తక్కువ పడ్డాయి. అయినా మధ్యగతం లెక్కన (సగం మంది అంతకంటే ఎక్కువ, సగం మంది తక్కువ) వాళ్ళు 11.6 నెలలు బతికారు, మామూలు చికిత్స ఒక్కటే తీసుకున్నవాళ్ళు 8.9 నెలలు. ఆ నెలల లెక్క తీసుకెళ్ళి మీ నాన్నగారికి అంటగట్టకండి, ఇప్పుడున్న మందులు అప్పట్లో చాలా లేవు. నేను చెప్పేది ఒక్కటే, ఆ చీటీ వాడుకుంటే నష్టం లేదు, లాభమే.

ఈ విషయంలో బెంగళూరులో ఉండటం మీకు కలిసొచ్చింది. కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రిలో దీనికి వేరే విభాగమే ఉంది, రద్దీ ఎక్కువ, పొద్దున్నే వెళ్ళాలి, రాయలసీమ నుంచి వచ్చేవాళ్ళు అంతమంది ఉంటారు కాబట్టి తెలుగు మాట్లాడేవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. మీకు ఇంకా దగ్గర్లో కుందలహళ్ళి గేటు వైపు కరుణాశ్రయ ఉంది. 1994లో ట్రస్టుగా మొదలైంది, 1999 నుంచి ఆ భవనంలో నడుస్తోంది, ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్ళని డబ్బు తీసుకోకుండా చూస్తారు, నగరంలో ఇళ్ళకి కూడా వచ్చి చూస్తారు. అక్కడ చేర్పించాలనే లేదు. ముందు ఫైలు తీసుకెళ్ళి మాట్లాడి రండి, లేదా ఇంటికి వచ్చే టీమ్ గురించి అడగండి.

ఇప్పుడు ఆయాసం. ఇది కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ జబ్బులో మనిషిని నొప్పి కంటే ఇదే ఎక్కువ భయపెడుతుంది, ఇంట్లోవాళ్ళు చెయ్యగలిగింది కూడా ఇక్కడే ఎక్కువ.

మిషన్ కొనేముందు ఆయాసం ఎందుకు వస్తోందో తేల్చాలి. ఒకసారి నీరు తీశారంటున్నారు, అది మళ్ళీ చేరిందేమో. మళ్ళీ చేరడం మామూలే, చేరినప్పుడల్లా పరుగెత్తి సూదితో తీయించుకోనక్కర్లేదు, ఊపిరితిత్తి పొరలు అతుక్కుపోయేలా మందు వేసే పద్ధతి ఉంది, ఇంట్లోనే కొంచెం కొంచెం తీసుకునేలా సన్నటి గొట్టం పెట్టే పద్ధతీ ఉంది. రక్తం తగ్గినా ఆయాసమే, ఇన్ఫెక్షన్ అయినా ఆయాసమే, కాలి నరంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్ళినా ఆయాసమే. కీమోతో పాటు ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే మందు) కూడా ఇస్తుంటే ఆ మందు వల్లే ఊపిరితిత్తులు వాచే అవకాశం ఉంది, దానికి చికిత్స వేరు. వీటిలో చాలావాటికి మందుంది. అందుకని ఈ మధ్యే కొత్తగా మొదలైతే, లేదా నాలుగు రోజుల్లో బాగా పెరిగితే, రివ్యూ తేదీ దాకా ఆగకుండా ఫోన్ చెయ్యండి.

ఇక మిషన్. ఇంట్లో పల్స్ ఆక్సీమీటరు (వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించేది) ఉంటే ఆయన కుదురుగా కూర్చున్నప్పుడు ఒకసారి, బాత్రూమ్ దాకా నడిచి వచ్చాక ఒకసారి చూసి రాసిపెట్టండి. వేలు చల్లగా ఉన్నా, గోరుకి రంగు ఉన్నా అంకె తప్పు చూపిస్తుంది. కూర్చున్నప్పుడు 93, 94 ఉండి కూడా ఆయాసం ఉందంటే ఆక్సిజన్ పెట్టినా పెద్దగా తేడా రాదు, ఎందుకంటే రక్తంలో ఆక్సిజన్ సరిపడా ఉంది, అయినా ఊపిరి అందడం లేదని మెదడు గోల చేస్తోంది. 90 కంటే కిందికి పడుతుంటే అప్పుడు డాక్టరుని అడగండి, అదీ కొనక్కర్లేదు, ఈ ఊళ్ళో నెలవారీ అద్దెకి దొరుకుతాయి. తెచ్చుకుంటే మాత్రం ఆ గదిలో దీపం, అగరుబత్తి, హారతి కర్పూరం వద్దు, సిగరెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ముక్కు దగ్గర విక్స్, వ్యాసలీన్ లాంటి జిడ్డు పూతలు రాయకండి, నిప్పు అంటుకునే ప్రమాదం. కరెంటు పోతే మీ అపార్ట్‌మెంట్ జనరేటరు ఆ గది ప్లగ్గుకి వస్తుందో లేదో ముందే చూసుకోండి, చాలా ఫ్లాట్లలో లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే వస్తుంది.

రాత్రి ఆయాసం వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఒకసారి జరిగిందే చెప్తాను. కె.ఆర్.పురం వైపు ఒక ఇంట్లో పెద్దాయన మంచం అంచున కూర్చుని రెండు చేతులతో పరుపు గట్టిగా పట్టుకుని ఉన్నారు, చెమటలు, కళ్ళు పెద్దవి చేసుకుని. చుట్టూ నలుగురు. ఒకరు వీపు రుద్దుతున్నారు, ఒకరు నీళ్ళు తాగమంటున్నారు, కొడుకు 'గట్టిగా పీల్చు నాన్నా, గట్టిగా పీల్చు' అని అరుస్తున్నాడు. ఆయన అప్పటికే గట్టిగానే పీలుస్తున్నారు, వదలడానికే టైం చాలడం లేదు. ఒక్కరిని ఉంచి మిగతావాళ్ళని బయటికి పంపాం, బాల్కనీ తలుపు తీశాం, ఆయన్ని కుర్చీలోకి మార్చి ముందు బల్ల మీద రెండు దిండ్లు వేసి మోచేతులు దాని మీద ఆనించి ముందుకి వంగమన్నాం. బ్యాటరీ ఫ్యాన్ జానెడు దూరంలో పట్టుకుని గాలి ముక్కుకీ బుగ్గలకీ తగిలేలా పెట్టాం. తర్వాత నేను ఆయన ఎదురుగా కూర్చుని, మాట్లాడకుండా, ముక్కుతో పీల్చి పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలడం చేస్తూ ఉన్నాను, ఆయన నన్ను చూసి అదే చెయ్యడం మొదలుపెట్టారు. కాసేపటికి భుజాలు దిగాయి. అంకె చూస్తే ముందూ తర్వాతా ఒకటే, మనిషి మాత్రం వేరు.

ఆ చిన్న ఫ్యాన్ సంగతి తేలిగ్గా తీసెయ్యకండి, బుగ్గలకీ ముక్కుకీ చల్లగాలి తగిలితే ఆయాసం తగ్గినట్టు అనిపిస్తుందని అధ్యయనాల్లో కూడా తేలింది. వందల్లో దొరుకుతుంది, వేల రూపాయల మిషన్ కంటే ముందు అది కొనండి, దిండు పక్కనే పెట్టండి, ఎలా ఆన్ చెయ్యాలో ఆయనకే నేర్పండి. చేతిలో ఒకటి ఉందన్న ధైర్యం వేరు. ఆయాసం లేనప్పుడు, పగటిపూట, పెదాలతో ఊపిరి వదలడం రోజూ కాసేపు ప్రాక్టీస్ చేయించండి. అర్ధరాత్రి కంగారులో కొత్తగా ఏదీ ఎక్కదు. ఇంకోటి, ఫ్లాట్‌లో వంటిల్లు పక్కనే ఉంటుంది కాబట్టి ఎండుమిర్చి తాలింపు వేసేటప్పుడు ఆయన గది తలుపు వేసి చిమ్నీ పెట్టండి. ఆ ఘాటుకి మొదలైన దగ్గు గంటసేపు ఆగదు.

ఇవన్నీ చేసినా ఆయాసం ఉంటే డాక్టరు మార్ఫిన్ రాయొచ్చు. ఆ పేరు వినగానే ఇంట్లో గొడవ మొదలవుతుంది, అది మత్తుమందు, అలవాటైపోతుంది, అది ఇచ్చారంటే అయిపోయినట్టే అని. తక్కువ మోతాదులో, టైం ప్రకారం ఇస్తే ఆయాసానికీ దగ్గుకీ కూడా బాగా పనిచేసే మందు అది. డాక్టరు చెప్పిన లెక్కలో వాడితే ఊపిరి ఆగిపోదు. మొదటి రెండు మూడు రోజులు మగతగా, వికారంగా ఉండొచ్చు, తర్వాత సర్దుకుంటుంది. సర్దుకోనిది మలబద్ధకం ఒక్కటే, అందుకే మొదటి రోజు నుంచే దానికి మందు కలిపి రాయించుకోండి. మూడు రోజులు విరేచనం కాకపోతే ఆకలి పోతుంది, కడుపు బిగుస్తుంది, ఆయాసం పెరుగుతుంది, అందరూ నెపం మార్ఫిన్ మీద వేస్తారు. లేపినా లేవనంత మత్తు, ఊపిరి బాగా నెమ్మదించడం కనిపిస్తే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యాలి. మామూలు మెడికల్ షాపులో దొరకదు, అనుమతి ఉన్న చోట్లే, ఎక్కువగా ఆసుపత్రుల్లో ఇస్తారు. 2014లో చట్టం సవరించాక ఆసుపత్రులకి ఈ అనుమతి సులువైంది, అయినా చాలా పెద్ద ఆసుపత్రులు ఇప్పటికీ స్టాకు పెట్టవు. ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని, అయిపోవడానికి వారం ముందే తెచ్చుకోండి. నొప్పి మాత్రలు కూడా అంతే, నొప్పి వచ్చాక వేసుకుందాంలే అనుకుంటే ఎక్కువ మాత్రలు పడతాయి, టైంకి వేస్తే తక్కువతో సరిపోతుంది.

అన్నం గురించి. మీ అమ్మగారు ప్లేటు పట్టుకుని వెనకాల తిరుగుతున్నారని రాశారు, ఆమె బాధ నాకు అర్థమవుతుంది, ఆయన మొండికేస్తున్నారని మాత్రం అనుకోవద్దని చెప్పండి. ఈ జబ్బు ఆకలినే చంపేస్తుంది, తిన్నది ఒంటికి పట్టే పద్ధతిని కూడా మార్చేస్తుంది, బలవంతంగా కుక్కినంత మాత్రాన కండ రాదు, వాంతి వస్తుంది. ముందు టార్చి వేసి నోరు చూడండి. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పొర ఉంటే అది ఫంగస్, మందు వాడితే కొద్దిరోజుల్లో పోతుంది, అది పోతే తిండి దానంతటదే కొంచెం పెరుగుతుంది. గోరువెచ్చని నీళ్ళలో కాస్త ఉప్పు, కాస్త వంటసోడా వేసి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించమనండి. చిన్న గిన్నెలో, రెండు గంటలకొకసారి, ఆయనకి ఏది ఇష్టమైతే అది. సీమ మనిషి కాబట్టి ఓట్సు, ప్రోటీన్ షేకులు అంటూ ప్రాణం తియ్యకుండా పల్చటి రాగిజావలో మజ్జిగ పోసి ఇవ్వండి, మెత్తటి సంగటి, పప్పుకట్టు, గుడ్డు, తింటానంటే చికెన్ పులుసు. చక్కెర తింటే క్యాన్సర్ పెరుగుతుందని చెప్పి పాయసం కూడా మాన్పించేవాళ్ళని చూశాను, షుగర్ జబ్బు లేకపోతే ఆ టెన్షన్ అక్కర్లేదు. బయటి చట్నీలు, పానీపూరీ, కోసి పెట్టిన పళ్ళు మాత్రం కీమో రోజుల్లో వద్దు. ఎవరో చెప్పిన కషాయాలు, బూడిద పొట్లాలు ఇచ్చేముందు డాక్టరుకి చూపించండి, కొన్ని లివర్‌ని దెబ్బతీస్తాయి, కీమో వాయిదా పడేది అప్పుడే.

స్నానం గురించి ఎవరూ అడగరు గానీ ఆయాసం ఉన్నవాళ్ళకి రోజు మొత్తంలో కష్టమైన పని అదే. ప్లాస్టిక్ స్టూలు వేసి కూర్చోబెట్టండి, బాత్రూమ్ కిటికీ తెరిచి ఉంచండి, వేడి ఆవిరి వద్దు, తర్వాత పెద్ద తువ్వాలు కప్పి పది నిమిషాలు ఊరికే కూర్చోనివ్వండి. తల మీదుగా వేసే బనీనుల బదులు ముందు బొత్తాలున్న చొక్కాలు. అట్లాగని రోజంతా పడుకోబెట్టకండి, ఓపిక ఉన్న పూట కారిడార్‌లో రెండు చుట్లు నడిస్తే నీరసం తగ్గుతుందే గానీ పెరగదు. ఎక్కువ మంచం మీదే ఉండే పరిస్థితి వస్తే రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం, గాలి పరుపు వెయ్యడం, మడమలూ నడుము కింద చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడటం.

ఇక జబ్బు పేరు ఆయనకి చెప్పాలా వద్దా. అమ్మని నేను తప్పు పట్టను, మన ఇళ్ళలో నూటికి తొంభై మంది అదే అంటారు. కానీ ఒక్కసారి ఆలోచించండి, ఆయన మూడుసార్లు కీమో ఎక్కించే డే కేర్‌లో కూర్చుని వచ్చారు. గోడ మీద బోర్డు చదివారు, పక్క కుర్చీలో జుట్టు ఊడినవాళ్ళతో మాట్లాడారు. ఆయనకి తెలియదని మీరు నటిస్తున్నారు, తెలియనట్టు ఆయన నటిస్తున్నారు, మధ్యలో ఆయన రాత్రిపూట భయం చెప్పుకోవడానికి ఇంట్లో ఒక్కరు లేరు. రాత్రి ఆయాసంలో సగం అదే. కూర్చోబెట్టి రిపోర్టు చదవమని నేను అనడం లేదు. ఆయన్నే అడగండి, 'డాక్టరు ఏం చెప్పాడనుకుంటున్నావు నాన్నా?' అని. తర్వాత ఆగండి, మీరేం నింపొద్దు. 'నాకెందుకు, మీరు చూసుకోండి' అంటే అక్కడితో ఆపెయ్యండి, అది ఆయన హక్కు. 'పెద్ద జబ్బే కదా' అంటే అవునని చెప్పండి, అబద్ధం చెప్పకండి. నయం అయిపోతుందని మాట ఇవ్వొద్దు, నొప్పి, ఆయాసం లేకుండా చూసుకుంటామని మాట ఇవ్వొచ్చు, అది నిలబెట్టుకోగలిగిన మాట. అమ్మకి ఇవన్నీ మీరు చెప్తే వినకపోవచ్చు, పాలియేటివ్ డాక్టరు చేత చెప్పించండి, వాళ్ళకి ఇది రోజూ పనే. చెప్పాక చాలామంది కుప్పకూలరు, అప్పు ఎవరికివ్వాలి, పొలం కాగితాలు ఎక్కడున్నాయి, చెల్లెల్ని ఒకసారి పిలిపించండి అంటారు. వెంటిలేటర్ మీద పెట్టాలా వద్దా అన్నది కూడా ఆయన నోటి నుంచే రావాలి. ముందుగా రాసిపెట్టుకునే వీలుందని సుప్రీంకోర్టు 2018లో తీర్పు ఇచ్చింది, 2023లో పద్ధతి సులువు చేసింది, ఇద్దరు సాక్షులతో నోటరీ దగ్గరే అయిపోతుంది.

బీడీల గురించి ఒక్క మాట. ఇప్పటికీ తాగుతుంటే ఆపించడం మంచిదే, చికిత్సకీ ఊపిరికీ రెండింటికీ. కానీ 'ఆ బీడీలు తాగకపోయి ఉంటే' అన్న మాట మీ ఇంట్లో ఎవరూ అనకూడదు, చుట్టాలు అంటే మీరే ఆపండి. ఒక్క బీడీ తాగని ఆడవాళ్ళకి ఈ జబ్బు రావడం వార్డులో ఎంతోమందిని చూశాను.

ఆగకూడని పరిస్థితులు చెప్తాను, ఫ్రిజ్ మీద అంటించండి. కీమో తర్వాత జ్వరం 100.4 దాటితే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, రాత్రయినా క్యాజువాలిటీకే. కొత్తగా వెన్నునొప్పి వచ్చి కాళ్ళు పట్టు తప్పుతుంటే, మూత్రం ఆగిపోతే, అదే రోజు చూపించాలి, ఆలస్యమైతే నడక తిరిగి రాదు. ముఖం, మెడ ఉబ్బి మెడనరాలు తేలితే, ఫిట్స్ వస్తే, పొద్దున్నే తలనొప్పితో వాంతులైతే, ఒక కాలే వాస్తే, మాట తేడాగా వచ్చి అయోమయంగా ఉంటే కూడా ఆగొద్దు. కళ్ళెలో రక్తం చార పడితే డాక్టరుకి ఫోన్. ఎక్కువ రక్తం పడితే, జబ్బు ఏ వైపు ఊపిరితిత్తిలో ఉందో ఆ వైపుకి ఒత్తిగిల్లి పడుకోబెట్టి అంబులెన్సు. ముదురు రంగు తువ్వాలు ఒకటి దగ్గర ఉంచుకోండి, తెల్లటి దాని మీద చూస్తే ఆయనా మీరూ బెదిరిపోతారు.

ఊరి ప్రయాణం. నన్నడిగితే తీసుకెళ్ళండి. ఏడో అంతస్తులో టీవీ చూస్తూ కూర్చున్న మనిషికి సొంత అరుగు మీద నాలుగు రోజులు ఏ టానిక్కూ ఇవ్వని ఓపిక ఇస్తుంది. కీమో అయిన వారం పదిరోజులకి తెల్లకణాలు బాగా పడిపోతాయి, ఆ రోజుల్లో వద్దు, తర్వాతి కీమోకి ముందు వారం బాగుంటుంది, తేదీలు డాక్టరుని అడిగి ఖాయం చేసుకోండి. బస్సు వద్దు, కారు, తెల్లవారుజామునే బయల్దేరితే హెబ్బాళ దగ్గర ఇరుక్కోకుండా దాటేస్తారు. ముందు సీటు వెనక్కి వాల్చి దిండ్లు పెట్టండి, చిక్కబళ్ళాపురంలో ఒకసారి, బాగేపల్లి దాటాక ఒకసారి ఆపి నాలుగడుగులు నడిపించండి, కూర్చున్నంతసేపూ పాదాలు ఆడించమనండి. మందులు ఉండే రోజులకంటే వారం ఎక్కువ పెట్టుకోండి, మార్ఫిన్ చీటీ ఒరిజినల్ మీ బ్యాగులో ఉండాలి, డిశ్చార్జి సమ్మరీ ఫోటో మీ ఫోన్లోనూ తమ్ముడి ఫోన్లోనూ. ధర్మవరంలోనో అనంతపురంలోనో అవసరమైతే ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఇక్కడి టీమ్‌తో రాత్రిపూట ఏ నంబరులో మాట్లాడొచ్చో బయల్దేరేముందే రాసుకోండి. చూడ్డానికి ఊరంతా వస్తారు, పొద్దున గంట, సాయంత్రం గంట అని అమ్మగారి చేతే చెప్పించండి, దగ్గు, జలుబు ఉన్నవాళ్ళు గుమ్మం బయటే. వెళ్ళేముందు ఆ ఆక్సీమీటరు అంకెలు, ఆయాసం వచ్చిన టైములు రాసిన కాగితం రివ్యూలో చూపించి, నీరు మళ్ళీ చేరిందేమో ఎక్స్‌రేనో అల్ట్రాసౌండో తీయమని అడగండి. ఉంటే తీయించుకునే బయల్దేరండి.